జూబా నుంచి సెలవుపై వస్తే డాక్సీ మాత్రల లెక్క ఎలా?

దక్షిణ సూడాన్‌లో ఐరాస శాంతిదళంలో చేసొచ్చిన జవానన్నలకు ఒక ప్రశ్న. 15 రోజుల సెలవుపై ఊరొచ్చినా మలేరియా రాకుండా వేసుకునే డాక్సీసైక్లిన్ (100 మి.గ్రా., రోజుకొకటి) ఆపకూడదు. అక్కడినుంచి వచ్చేశాక కూడా 4 వారాలు వాడాలి, సెలవేమో అంతకంటే చిన్నది. మరి ఆ 15 మాత్రలు, విమానం ఆలస్యమైతే ఇంకో నాలుగు, యూనిట్ ఎంఐ రూమ్‌లోనే (జవాన్లను చూసి మందులిచ్చే వైద్య గది) ఇస్తారా, ఇక్కడ కొనుక్కోవాలా?

అక్కడ మాత్ర వేసుకునే రాత్రి 8 అంటే మనకు 11:30. పడుకునే ముందు వేసుకుంటే గొంతులో అతుక్కుని మంట. పాలతో వేస్తే సరిగా ఒంటబట్టదు. సెలవు రోజుల్లో మధ్యాహ్నం భోజనం తర్వాతకు మార్చుకున్నవాళ్లున్నారా?

ఇంకొకటి, ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు ఇచ్చే కార్డు. అది లేకుండా దిగితే 6 రోజుల దాకా క్వారంటైన్, సెలవులో మూడో వంతుకు పైనే గోవిందా! జిరాక్స్ చూపిస్తే ఒప్పుకుంటారా?