సెల్లార్‌లో బండ్లు ఎప్పుడు పైకి తియ్యాల? ఉరుముల వానను ముందే పసిగట్టేదెట్లా?

ప్రశ్న (కొండకింద_ఇల్లు):
తిరుపతిలో కపిలతీర్థం దిగువన మా అపార్ట్‌మెంట్. సెల్లార్ రోడ్డు కంటే నాలుగడుగులు పల్లంలో ఉంది. 20 కార్లు, ఒకటే ర్యాంప్. ఆరెంజ్ అలర్ట్ ఇచ్చిన రోజు మా వీధిలో తుంపర కూడా పడదు, ఏమీ ఇవ్వని సాయంత్రం ముక్కాలు గంటలో మోకాళ్ల లోతు నీళ్లొస్తాయి. రాడార్ బొమ్మలో ఏ అంకె చూసి కదలాలో తెలిసినవాళ్లు చెప్పండన్నా.

జవాబు (మేఘం_వెంట):
వాతావరణ శాఖ 'భారీ వర్షం' అనేది 24 గంటల లెక్క: 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల దాకా. 70 మి.మీ. రోజంతా కురిస్తే కాలువలు మోస్తాయి, గంటలో కురిస్తే మొయ్యవు. అందుకే సాయంత్రాల్లో నౌకాస్ట్ చూడండి, అంటే రాబోయే మూడు గంటలకు మాత్రమే ఇచ్చే అంచనా.

శ్రీహరికోట రాడార్ మనకు తూర్పున సుమారు 90 కి.మీ. బొమ్మలో రంగులకిచ్చే అంకె డీబీజెడ్, వాన చినుకుల నుంచి తిరిగొచ్చే సంకేతం ఎంత బలంగా ఉందో చెప్పే కొలత. 40 డీబీజెడ్ అంటే గంటకు దాదాపు 12 మి.మీ., 50 అంటే 50 మి.మీ. పైచిలుకు. 55 దాటితే వడగళ్లు కలిసి అంకెను పెంచుతుంటాయి, అంతా వానే అనుకోవద్దు. ఇంకో చిక్కుంది: రాడార్ కిరణం అర డిగ్రీ పైకెత్తి పోయినా తిరుపతి మీదికొచ్చేసరికి 1.2 కి.మీ. ఎత్తులో ఉంటుంది. దానికి దిగువన కొండవాలులో ముదిరే వాన తక్కువగా కనిపిస్తుంది.

రంగు కంటే నడక ముఖ్యం. 10 కి.మీ. పొడవున్న మేఘం గంటకు 30 కి.మీ. వేగంతో పోతే మీ మీద 20 నిమిషాలే ఉంటుంది, 50 డీబీజెడ్ అయినా 17 మి.మీ. అదే 10 కి.మీ. వేగమైతే గంటసేపు ఉండి 50 మి.మీ. కురుస్తుంది. వరుసగా మూడు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూడండి. ముందు మేఘం తూర్పుకు జరుగుతుంటే వెనక అదే చోట కొత్తది పుడుతోందా? అన్నిటికంటే ప్రమాదం అదే.

పొద్దున 5:30కి చెన్నైలో ఎగరేసే బెలూన్ లెక్కలో గాలిలోని మొత్తం తేమ (అంతా నీరైతే ఎంత లోతు అన్న లెక్క) 55-60 మి.మీ. ఉండి, 3 నుంచి 6 కి.మీ. ఎత్తులో గాలి గంటకు 20 కి.మీ. లోపుంటే ఆ సాయంత్రం జాగ్రత్త. కేప్ (మేఘాన్ని పైకి ఎగదోసే శక్తి గాలిలో ఎంతుందో చెప్పే అంకె) ఒక్కటే ఎక్కువుంటే అది ఈదురుగాలికీ పిడుగులకూ గుర్తు, వరదకు కాదు.

జవాబు (వంకనీళ్లు):
మీ వీధిలో పడే వానే వరద తెస్తుందనుకోవద్దు. పైన కొండవాలులో చదరపు కిలోమీటరు మీద 1 మి.మీ. పడితే 10 లక్షల లీటర్లు. 50 మి.మీ. అంటే 5 కోట్ల లీటర్లు. అంతకు ముందే తడిసిన రాతి వాలు దీన్ని పీల్చుకోదు. వంకలో తేటగా పారే నీరు ఉన్నట్టుండి ఎర్రబారి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తే పైన గట్టిగా కురిసిందని అర్థం.

2021 నవంబరు వరద వేరే రకం. అది వాయుగుండం తెచ్చిన ఎడతెగని వాన. స్వర్ణముఖి పొంగడం, రాయలచెరువు కట్టకు ముప్పు రావడం అప్పుడే. ఉరుముల వాన అంత వ్యవధి ఇవ్వదు.

మిద్దె మీద నిటారు గోడల డబ్బా పెట్టి లోపల స్కేలు అంటించండి. 15 నిమిషాల్లో 15 మి.మీ. నిండితే ఇక ఆలోచించొద్దు. సెల్లార్ మోటారు పైపును రోడ్డు మట్టం కంటే పైకి తీసి వదలండి, లేకుంటే తోడిన నీళ్లే మళ్లీ లోపలికొస్తాయి. డ్రైనేజీ లైనుకు నాన్ రిటర్న్ వాల్వ్ (నీళ్లు వెనక్కి రానివ్వని బిరడా) లేకపోతే ర్యాంప్ పొడిగా ఉండగానే నేల జాలీలోంచి మురుగు ఎగదన్నుతుంది.

కొండకింద_ఇల్లు:
అయితే డబ్బా నిండేదాకా ఆగొచ్చా అన్నా?

మేఘం_వెంట:
వద్దండి, డబ్బా ఆఖరి హెచ్చరిక. కారుకు 2 నిమిషాలు వేసుకున్నా 20 కార్లకు 40 నిమిషాలు. పడమటి మేఘం గంటకు 30 కి.మీ. నడకతో వస్తుంటే పాకాల మీద ఉండగానే మొదలుపెట్టాల. చంద్రగిరి చేరిందంటే మీకు మిగిలేది అరగంటే. లిఫ్టును పై అంతస్తులో ఆపి, సెల్లార్ మెయిన్ స్విచ్ తీసెయ్యండి. ర్యాంప్ మీదుగా నీళ్లు దిగడం మొదలయ్యాక ఎంత ఖరీదైన కారున్నా ఎవర్నీ కిందికి పంపొద్దు. తీసిన బండ్లను అండర్ బ్రిడ్జి వైపు కూడా తోలకండి, అడుగు లోతు నీళ్లకే చిన్న కారు తేలిపోతుంది.