ఎనిమిదేళ్ళు దాటిన కుందేలుకు మళ్ళీ మత్తు ఇచ్చి దవడ పళ్ళు అరగదీయించాలా, వద్దా?

తెల్లచెవులు, అనంతపురం

అందరికీ నమస్కారం. మా చిట్టికి ఎనిమిదేళ్ళు దాటాయి. తెల్ల ఆడకుందేలు, ఇంట్లోనే పెరిగింది. పోయిన సంవత్సరం దవడ పళ్ళకు మొనలు వచ్చి నాలుకకు గుచ్చుకుంటుంటే బెంగళూరులో మత్తు ఇచ్చి అరగదీయించాం, బాగానే కోలుకుంది. ఇప్పుడు మళ్ళీ అదే వరస. కొత్తిమీర చూపిస్తే ఆత్రంగా వస్తుంది, నోట్లో పెట్టుకుంటుంది, నమలలేక కింద పడేస్తుంది. గడ్డం కింద బొచ్చంతా చొంగతో తడిసి ఉంటోంది. ఎడమ కంటిలో నీరు కారుతోంది. 2.1 కిలోలు ఉండేది, ఇప్పుడు 1.7. పెంటికలు కూడా చిన్నవైపోయాయి.

ఇక్కడి డాక్టరు నోరు చూసి మొనలు మళ్ళీ పెరిగాయి, బెంగళూరు తీసుకెళ్ళండి అన్నారు. మా అత్తమ్మ "ముసలి ప్రాణాన్ని ఎందుకు హింస పెడతారు, తిన్నంత తిననీండి" అంటోంది. మా ఆయనదీ అదే మాట. అది ఆకలితో నా చేతి దగ్గరికి వచ్చి, తినలేక వెనక్కి పోతుంటే నేను చూడలేకపోతున్నా. ఇంత వయసులో మళ్ళీ మత్తు ఇప్పించడం న్యాయమేనా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

బురుజునీడ, కర్నూలు

అక్కా, నేను వద్దనే చెబుతా. మా కుందేలు మత్తులోనే పోయింది, మళ్ళీ కళ్ళు తెరవలేదు. కుందేలుకు మత్తు కుక్కకూ పిల్లికీ ఇచ్చినంత తేలిక కాదు. బ్రిటన్‌లో చేసిన పెద్ద అధ్యయనం ఒకటి 2008లో వచ్చింది. మత్తు ఇచ్చాక చనిపోయినవి కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24 శాతం అయితే, కుందేళ్ళలో 1.39 శాతం. అది కూడా అన్ని వయసులవీ కలిపి. ఎనిమిదేళ్ళ దానికి గుండె, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో ఎవరు చూశారు?

పైగా ఈ ఎండల్లో అనంతపురం నుంచి బెంగళూరుకు 200 కిలోమీటర్ల పైన ప్రయాణం. కుందేలుకు చెమట పట్టదు, వేడి పోయే దారి ఎక్కువగా చెవులే. నొప్పికి మందు రాయించుకుని, పెల్లెట్లు (కుందేళ్ళ గుళికల మేత) నానబెట్టి మెత్తగా చేసి సిరంజితో పట్టించండి. ఉన్నన్నాళ్ళు ఇంట్లో, మీ ఒళ్ళో ఉండనీండి.

పెన్నగట్టు, కడప

బురుజునీడ అన్నా, మీ బాధ అర్థమవుతోంది. కానీ అదే అధ్యయనంలో ఇంకో లెక్క కూడా ఉంది. ఆరోగ్యంగా ఉన్న కుందేళ్ళలో 0.73 శాతం పోతే, అప్పటికే జబ్బుపడినవాటిలో 7.37 శాతం పోయాయి. ప్రాణం మీదికి వచ్చేదాకా ఆగితేనే మత్తు మరింత ప్రమాదమని ఆ లెక్కే చెబుతోంది. చిట్టి ఇప్పటికే తూకం పోగొట్టుకుంది. ఇంకో నెల మెత్తటి తిండితో నెట్టుకొస్తే అప్పుడు ఏ డాక్టరూ చెయ్యి వెయ్యడు.

కుందేలుకు 28 పళ్ళు. అన్నీ బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి. ముందరి పళ్ళయితే వారానికి రెండు మూడు మిల్లీమీటర్లు. గడ్డి పక్కకు పక్కకు నమిలితేనే దవడ పళ్ళు అరుగుతాయి. నానబెట్టిన పెల్లెట్ల ముద్దకు ఆ నమలడం అవసరమే లేదు. అంటే మెత్తటి తిండి ఈ పూట కడుపు నింపుతుంది, పంటిని మాత్రం ఇంకా పెరగనిస్తుంది. కింది పళ్ళ మొనలు నాలుకను కోస్తాయి, పైవాటివి బుగ్గ లోపలి వైపును. నోట్లో పుండ్లతో ఉన్న ప్రాణిని "తిన్నంత తిననీ" అంటే, నిజానికి తిననివ్వకపోవడమే. కుందేలు అరవదు కాబట్టి నొప్పి లేదనుకుంటాం. మూలన ముడుచుకుని కూర్చుని పళ్ళు పటపటలాడిస్తుంటే అది నొప్పే.

వయసు ఒక్కటే కారణంగా వద్దనడం నేను ఒప్పుకోను. ఇంట్లో బాగా చూసుకున్న కుందేళ్ళు పది, పన్నెండేళ్ళు బతుకుతాయి. ముందు కొన్నాళ్ళు సిరంజితో తినిపించి, నీరు ఎక్కించి, నొప్పి మందు ఇచ్చి బలం రానివ్వండి. రక్తపరీక్షలో మూత్రపిండాలు చూడమనండి. అప్పుడు తీసుకెళ్ళండి. కుక్కలకు చెప్పినట్టు ముందు రోజు నుంచి కడుపు మాడ్చమని ఎవరైనా చెబితే వినకండి. కుందేలు వాంతి చేసుకోలేదు, దాన్ని పస్తు ఉంచితే పేగుల కదలిక ఆగిపోతుంది. అది పళ్ళకన్నా పెద్ద ప్రమాదం.

బుడ్డలచేను, ఉరవకొండ

మత్తూ వద్దు, ఖర్చూ వద్దు. మా వీధిలో ఒకాయన గోళ్ళ కట్టర్‌తో పళ్ళు కత్తిరిస్తాడు, నిమిషంలో పని. తర్వాత చెనక్కాయ కట్టె (వేరుశెనగ ఎండుమేత) బాగా వేయండి, అదే అరిగిపోతుంది. మన జిల్లాలో దానికి కొదవ లేదు.

గరికపోచ, ప్రొద్దుటూరు

అన్నా, దయచేసి ఆ మాట ఇక్కడ ఎవరికీ చెప్పొద్దు. నేను వెటర్నరీ విద్యార్థిని. కట్టర్‌తో కత్తిరిస్తే పన్ను నిలువునా చీలుతుంది, లోపలి నరం బయటపడుతుంది, చీము పడుతుంది. అయినా చిట్టి సమస్య ముందరి పళ్ళది కాదు. దవడ పళ్ళు లోపల ఎక్కడో ఉంటాయి, కట్టర్ అక్కడిదాకా పోదు.

చెనక్కాయ కట్టె పిల్ల కుందేళ్ళకు పరవాలేదు. ముసలివాటికి రోజూ వద్దు. అది పప్పుజాతి మేత, కాల్షియం ఎక్కువ. కుందేలు ఒంట్లో ఎక్కువైన కాల్షియం మూత్రంలోనే పోతుంది. వయసు మీద పడి కదలిక తగ్గితే అది మూత్రాశయంలో సున్నంలా పేరుకుంటుంది. వానకు తడిసి బూజు పట్టిన కట్టె అయితే అసలే వేయకూడదు. గరిక మంచిది, నీళ్ళ పక్కన దొరుకుతుంది. మందు కొట్టిన చేలగట్ల మీదిది మాత్రం కోయకండి.

అసలు ప్రశ్నకు వస్తే, అవుననీ కాదనీ ఇప్పుడే చెప్పలేం. ఎడమ కంట్లో నీరు అన్నారు కదా, నన్ను కలవరపెడుతున్నది అది. పై పళ్ళ వేర్లు పైకి పెరిగితే కంటి నీరు ముక్కులోకి దిగే సన్నని గొట్టాన్ని నొక్కుతాయి. అదే జరిగి ఉంటే పైన మొనలు అరగదీసినా వేరు అలాగే ఉంటుంది, కొద్ది వారాల్లో మళ్ళీ ఇదే కథ. దవడ ఎముకలో చీము గడ్డ ఉంటే అది వేరే విషయం. కుందేలు చీము పెరుగులా గట్టిగా ఉంటుంది, కోసి వదిలితే కారిపోదు, గడ్డ మొత్తం తీయాలి. కాబట్టి తలకు ఎక్స్‌రే తీయకుండా పళ్ళు మాత్రమే అరగదీస్తామంటే ఒప్పుకోవద్దు.

బురుజునీడ, కర్నూలు

ఎక్స్‌రేకు కూడా మత్తు కావాలి కదమ్మా?

గరికపోచ, ప్రొద్దుటూరు

నెమ్మదిగా ఉండే కుందేలయితే పక్కనుంచి ఒక ఫోటో మత్తు లేకుండా తీయొచ్చు. అన్ని కోణాలూ స్పష్టంగా కావాలంటే మత్తు తప్పదు. అందుకే రెండూ ఒకే మత్తులో చేయమనాలి. ఎక్స్‌రే చూసి, వేర్లు బాగుంటే అక్కడే అరగదీస్తారు. బాగా చెడిపోయి ఉంటే ఏం చేయాలో లోపలికి పంపే ముందే డాక్టరుతో మాట్లాడుకోండి. మత్తులోంచే శాశ్వతంగా నిద్రపుచ్చడం కూడా అందులో ఒకటి. చెప్పడం కష్టంగానే ఉంది.

తెల్లచెవులు, అనంతపురం

చదువుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అత్తమ్మకు ఇవన్నీ చదివి వినిపించాను. నాలుక కోసుకుపోతుందన్న దగ్గర ఆగమంది, లేచి వెళ్ళి చిట్టిని ఒళ్ళో పెట్టుకుంది. ముందు బలం రానిచ్చి తర్వాత తీసుకెళ్దామనే అనుకుంటున్నాం. ఈలోపు పోయినసారి ఇచ్చిన యాంటీబయాటిక్ మిగిలింది, వేయొచ్చా?

పెన్నగట్టు, కడప

వద్దే వద్దు అక్కా. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, క్లిండమైసిన్ లాంటివి నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లో మంచి సూక్ష్మజీవులు చచ్చి, ప్రాణమే పోవచ్చు. మందు ఏదైనా సరే, కొలత కూడా డాక్టరే రాయాలి.

బురుజునీడ, కర్నూలు

నా అభిప్రాయం మారలేదు, మా ఇంట్లో జరిగింది మరిచిపోలేను. అయినా వెళ్ళాలనే అనుకుంటే తెల్లవారకముందే బయలుదేరండి. సీసాలో నీళ్ళు గడ్డకట్టించి, గుడ్డ చుట్టి బుట్టలో పక్కన పెట్టండి.

గరికపోచ, ప్రొద్దుటూరు

ఈ రోజు నుంచి వంటింటి తూకం మీద రోజూ ఒకే వేళకు బరువు చూసి రాసుకోండి, పెంటికలు గమనించండి. పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు ఆగిపోయినా బలం వచ్చేదాకా ఆగొద్దు, ఆ పూటే దగ్గర్లోని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. సిరంజి నేరుగా గొంతులోకి కాకుండా, ముందరి పళ్ళ వెనక ఖాళీ ఉంటుంది, పక్కనుంచి అందులో పెట్టి కొంచెం కొంచెంగా వదలండి. మింగాకే మళ్ళీ ఇవ్వండి.