మచ్చిక, దీమం, మంద: వేట నుంచి పశుపాలనకు మారడాన్ని ఏ మాటతో చెప్పాలి?

ప్రశ్న:

పురావస్తు శాస్త్రం మీద వచ్చే తెలుగు వ్యాసాల్లో “వేటాడుతూ, దుంపలూ పండ్లూ ఏరుకుంటూ బతికిన మానవులు క్రమంగా జంతువులను మచ్చిక చేసుకొని పశుపాలకులయ్యారు” అనే వాక్యం తరచుగా కనిపిస్తుంది. ఇందులోని ‘మచ్చిక’ ఆ మార్పు మొత్తానికీ సరిపోతుందా? సరిపోకపోతే ఏ దశను ఏ మాటతో చెప్పాలో ఉదాహరణలతో వివరించగలరు.

సమాధానం:

ఆ వాక్యం రెండు వేరువేరు సంగతులను ఒకటిగా కలిపేసిందని నా అభిప్రాయం. మచ్చిక అంటే చనువు, మాలిమి. ఒక జంతువు మనిషికి అలవాటుపడి, బెదరకుండా దగ్గరకు వస్తే అది మచ్చికైందంటాం. ఆ మాలిమి ఆ జంతువుతోనే పోతుంది. దాని పిల్లను మళ్లీ మొదటినుంచి మచ్చిక చేసుకోవలసిందే. పశుపాలనకు ఆధారం ఒక జంతువు కాదు, మనిషి అదుపులో తరతరాలుగా ఈనుతూ పెరిగే మంద.

పైగా మచ్చికైన జంతువు చేతిలో ఉన్నంత మాత్రాన వేట ఆగిపోదు. అడవి మృగాలను ఆకర్షించి పట్టడానికి వేటగాళ్లు పెంచుకొనే జంతువును గాని పక్షిని గాని తెలుగులో ‘దీమం’ అంటారు. దీమం మచ్చికైనదే, అయినా అది పూర్తిగా వేట సరంజామాలోని వస్తువు. 9వ శతాబ్దం చివర నార్వే ఉత్తర తీరానికి చెందిన ఓట్టర్ అనే నాయకుడు ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ రాజుకు తన ఆస్తి వివరాలు చెబుతూ, తనకు 600 పెంపుడు రెయిన్‌డీర్లు ఉన్నాయనీ, వాటిలో ఆరు దీమాలనీ, అడవి రెయిన్‌డీర్లను పట్టడానికి పనికివస్తాయి కాబట్టి ఆ ప్రాంతపు సామీ జనం ఆ ఆరింటిని ఎంతో విలువైనవిగా చూస్తారనీ చెప్పాడు. పెంపకమూ వేటా అప్పటికి ఒకదానినొకటి తోసివేయలేదు, ఒకదానికొకటి సాయపడుతున్నాయి. కుక్క విషయం ఇంకా స్పష్టం. కనీసం 14,000 ఏళ్ల కిందటే అది వేటగాళ్ల వెంట ఉంది, కాని దానివల్ల వాళ్లు పశుపాలకులు కాలేదు.

లిబియాలోని అకాకస్ కొండల్లో ఉవాన్ అఫూదా అనే గుహ ఉంది. ఆ గుహ వెనుక భాగంలో బార్బరీ గొర్రెల పేడ గట్టిపడి పొరగా ఏర్పడింది. అక్కడి వేటగాళ్లు అడవి గొర్రెలను పట్టి తెచ్చి, మేత వేసి, కట్టడి చేసి ఉంచారని తవ్వకాలు జరిపినవారు నిర్ధారించారు. ఇది దాదాపు దొడ్డి పెట్టడమే. అయినా బార్బరీ గొర్రె ఎన్నడూ పెంపుడు జాతి కాలేదు. తర్వాతి కాలంలో సహారాలో మందలై తిరిగిన ఆవులు, మేకలు, గొర్రెలు వేరే జాతులవి. ఈ గుహలోని వారికి ‘మచ్చిక చేసుకున్నారు’ అని రాస్తే తప్పులేదు, ‘పశుపాలకులయ్యారు’ అని రాస్తే తప్పు.

అభ్యంతరం:

మాటల తేడా బాగానే ఉంది. కాని తవ్వకంలో దొరికేది ఎముకే కదా! చచ్చిన మేక ఎముకను చూసి అది అడవిదో, మచ్చికైనదో, మందలోదో చెప్పలేనప్పుడు ఈ మూడు మాటలు పెట్టుకొని ప్రయోజనమేమిటి? పెంపుడు జంతువుల ఎముకలు చిన్నవిగా ఉంటాయని చదివాను. ఆ గుర్తు చాలదా?

మలి సమాధానం:

ఒక్క ఎముకను చూసి చెప్పలేమన్న మాట నిజమే. వందల ఎముకలను కలిపి చూస్తే చెప్పవచ్చు, దానికి మంచి ఉదాహరణ ఇరాన్‌లో జాగ్రోస్ పర్వతాల్లోని గంజ్ దరే. ఈ స్థలం సుమారు 10,000 ఏళ్ల కిందటిది. అక్కడి మేకల ఎముకలను మెలిండా జీడర్, బ్రయాన్ హెస్సీ కలిసి పరిశీలించి 2000లో ఫలితాలు ప్రకటించారు. లేత వయసులో కాలి ఎముక కొనలు విడిగా ఉండి, ఒక్కో ఎముకకు ఒక్కో వయసులో మధ్యభాగంతో అతుక్కుంటాయి. కాబట్టి అతుకును చూస్తే మేకను ఏ వయసులో కోశారో తెలుస్తుంది. పోతు ఎముక ఆడమేక ఎముక కంటే పెద్దది కాబట్టి లింగమూ తెలుస్తుంది. మాంసం కోసం వెళ్లిన వేటగాడు బాగా బలిసిన పెద్ద పోతును ఏరి కొడతాడు. మంద ఉన్నవాడికి పోతులు ఒకటి రెండు చాలు, ఆడమేకలు ఈనినంత కాలం కావాలి. గంజ్ దరేలో పోతులను లేత వయసులోనే కోసి, ఆడవాటిని ముదిరేదాకా ఉంచారు. కత్తి ఎవరి మీద పడిందో చూస్తే ఆ మేకల ఈతల మీద కన్నేసి ఉంచిన యజమాని ఉన్నాడని తెలుస్తుంది. అక్కడి మట్టి ఇటుకల మీద మేక గిట్టల అచ్చులు కూడా దొరికాయి.

ఎముక చిన్నదైతే పెంపుడుదేనన్న గుర్తును ఈ పరిశీలనే దెబ్బతీసింది. పోతులు లేతగానే పోతే ముదిరిన ఎముకల్లో మిగిలేవి ఎక్కువగా ఆడవాటివే, కాబట్టి కొలిస్తే సగటు తగ్గినట్టు కనిపిస్తుంది. మేక చిన్నది కాలేదు, మంద కూర్పు మారింది.

ఎముకలు కాక మట్టి కూడా సాక్ష్యం చెబుతుంది. టర్కీ మధ్యభాగంలోని అషిక్లీ హొయుక్‌లో ఇళ్ల మధ్య పేడ పొరలు ఉన్నాయి. నెమరువేసే జంతువుల పేగుల్లో ఏర్పడి పేడలో బయటికొచ్చే సున్నపు గుళికలను సూక్ష్మదర్శినితో చూసి ఆ పొరలు పేడవేనని గుర్తిస్తారు. 2019లో ప్రచురించిన పరిశోధనలో మట్టిలోని సోడియం, క్లోరైడ్, నైట్రేట్ లవణాలను కొలిచి, మూత్రం ఎంత ఇంకిందో లెక్కవేశారు. సుమారు 10,400 ఏళ్ల నాటి అడుగు పొరల్లో కొద్దిగా ఉన్న లవణాలు, 10,000 ఏళ్ల కిందట మొదలుకొని పై పొరల్లో విపరీతంగా పెరిగాయి. ఇంటి పక్కన కట్టేసిన నాలుగు జంతువులు మంద కావడానికి కొన్ని వందల ఏళ్లు పట్టిందన్నమాట. మొదటి దశకు ‘సాకడం’ చక్కగా సరిపోతుంది. రెండవ దశకు ‘మందపెంపకం’ అనో ‘పశుపాలన’ అనో రాయాలి.

నాకు ఇంతకంటే ముఖ్యమనిపించేది సొత్తుకు సంబంధించిన మార్పు. పశువులను ‘సొమ్ములు’ అనే వాడుక తెలుగులో ఉంది. వేటగాడికి లేడి చచ్చాకే సొంతమవుతుంది, అప్పుడూ విడిదిలోని వారందరికీ పంచిపెట్టవలసిందే. మందలోని మేక బతికుండగానే ఒకరి సొత్తు. దాని కడుపులోని పిల్ల కూడా వారిదే. అందరూ పంచుకు తినే సమాజంలో, ఆకలిగా ఉన్న బంధువుల ఎదుట ఈనబోయే గొర్రెను కోయనని చెప్పడం సులభం కాదు. దక్షిణాఫ్రికాలో వేటగాళ్లు పశుపాలకులుగా మారడం చాలా కష్టమని పురావస్తు శాస్త్రవేత్త ఆండ్రూ స్మిత్ వాదించడానికి ఇదే కారణం. కొన్ని గొర్రెలను చేర్చుకొని కూడా వేటగాళ్లుగానే కొనసాగినవారు ఉన్నారని కరీమ్ సద్ర్ వాదం. నాకు సద్ర్ వాదమే దీమం లాంటి మాటలకు చోటిచ్చేదిగా తోస్తుంది, కాని స్మిత్ ఎత్తిచూపిన ఈ పంపకపు చిక్కును అది పూర్తిగా తీర్చదు.

ఈ దక్షిణాఫ్రికా ఉదాహరణ అసలు వాక్యాన్ని మరింత ఇబ్బంది పెడుతుంది. గొర్రెకు మూలమైన అడవి జాతి ఆఫ్రికాలో లేదు. సుమారు 2,000 ఏళ్ల కిందట గొర్రెలు ఖండపు దక్షిణ కొసకు చేరేసరికి అవి ఎన్నో వేల ఏళ్లుగా పెంపుడువే. అక్కడి వేటగాళ్లలో వాటిని తీసుకున్నవారు ఏ అడవి మెకాన్నీ మచ్చిక చేసుకోలేదు. వారి గురించి రాసేటప్పుడు ‘గొర్రెల మందలను చేపట్టారు’ అని రాయవచ్చు.