అడవిపందిని వర్మిన్‌గా (పంటలకు హాని చేసే, చంపినా నేరం కాని జంతువుగా) ప్రకటించాలా? మీ మాట చెప్పండి

కామారెడ్డి రైతు:
ఎకరంన్నర మక్క వేశాను. కంకి పాలు పట్టిన వారంలోనే ఒక రాత్రి పందుల గుంపు దిగింది. తెల్లారి వెళ్ళి చూస్తే తిన్నది తక్కువ, తొక్కిపడేసింది ఎక్కువ, కర్రను వంచి విరిచి సగం కంకి కొరికి పక్క కర్ర మీద పడ్డాయి. మంచె మీద కూర్చుని రాత్రంతా డబ్బా కొట్టినా రెండు రోజులకే ఆ చప్పుడుకు అలవాటు పడిపోతున్నాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో సెక్షన్ 11 ప్రకారం పంట పాడుచేసే పందిని చంపడానికి అనుమతి ఇవ్వచ్చు, కానీ నా అర్జీ కదిలేసరికి చేలో కంకులే మిగల్లేదు. బీహార్, ఉత్తరాఖండ్‌లలో 2015–16లో కేంద్రం కొన్నాళ్ళకు వర్మిన్ అని ప్రకటించింది కదా, మనకెందుకు చెయ్యరు?

మంచిర్యాల నుంచి:
అన్నా, నీ బాధ నాకు తెలుసు, మాదీ అడవి అంచు ఊరే. కానీ ఒకసారి వర్మిన్ అన్నాక ఆ జంతువుకు చట్టం రక్షణ ఉండదు, ఎవరు ఎలా చంపుతున్నారో అడిగేవాడూ ఉండడు. ఇప్పుడే దొంగచాటుగా కరెంటు తీగలు లాగుతున్నారు. 2024 ఫిబ్రవరిలో కాటారం అడవిలో జంతువుల కోసం పెట్టిన తీగ తగిలి కూంబింగ్‌కు వెళ్ళిన గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ చనిపోయాడు. తీగకు పందేదో మనిషేదో తెలియదు. చేనుకు నీళ్ళు పెట్టడానికి చీకట్లో నడిచేది మనమే, మన పిల్లలే.

లైసెన్సు తుపాకీ ఉన్నవాణ్ణి:
నేను అనుమతి కాగితం మీద పందులను కాల్చడానికి వెళ్ళినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. మక్క చేను నిలువెత్తు ఉన్నప్పుడు లోపల పది అడుగుల అవతల ఏముందో కనబడదు, అప్పుడు కాల్చమని పిలిస్తే గుండు ఎక్కడికి పోతుందో నేను హామీ ఇవ్వలేను, పక్క చేలో కావలి మనిషి ఉంటాడు. గాయపడిన పంది ఇంకా ప్రమాదం. పని జరగాల్సింది కోత అయ్యాక, పొదలు ఎండి గుంపులు ఎక్కడ పడుకుంటున్నాయో అడుగుజాడల్లో తెలిసే రోజుల్లో. ఆడపంది నాలుగు నెలలు నిండకుండానే ఈనుతుంది, నాలుగైదు పిల్లలు మామూలు. అందుకని ఏడాదికి రెండు పందులు కాలిస్తే సంఖ్య తగ్గదు, ఊళ్ళు నాలుగైదు కలిసి ఒకే సీజన్‌లో చెయ్యాలి. చంపింది ఇంటికి తెచ్చుకోవడానికి కాదు, సెక్షన్ 11 కింద చంపిన జంతువు ప్రభుత్వ ఆస్తి. ఆ మాంసం మీద ఆశతో వచ్చేవాళ్ళను నేను తోడు తీసుకెళ్ళను.

నిర్మల్ కోడలు:
కాల్చడం ఒక్కటే మార్గం అన్నట్టు మాట్లాడుకుంటున్నారు. వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ళు మక్క చుట్టూ నాలుగు వరుసలు ఆముదం వెయ్యమంటారు, వేరుశనగకైతే కుసుమ, ముళ్ళు గుచ్చుకుంటాయి కాబట్టి. మా మామయ్య పోయినేడు దగ్గరదగ్గరగా ఆముదం పెట్టించారు, నష్టం బాగా తగ్గింది, గింజలూ అమ్ముకున్నాం. కాకపోతే మా పక్క చేను వాళ్ళు వెయ్యలేదు, గుంపంతా అటే పోయింది. ఆ అక్క మా గట్టు మీదికొచ్చి ఏడుస్తుంటే నాకు తల ఎత్తాలనిపించలేదు.

కామారెడ్డి రైతు:
తీగ సంగతి ఒప్పుకుంటాను తమ్ముడూ, నేను ఎప్పుడూ పెట్టలేదు, పెట్టను. ఆముదం విత్తనం ఈసారి ముందే తెచ్చిపెడతాను, పక్కవాళ్ళతోనూ మాట్లాడతాను. కానీ అనుమతి మాత్రం పంట పోయాక కాదు, పంట వెయ్యకముందే చేతిలో ఉండాలి, అది లేకనే మనుషులు తీగ వైపు పోతున్నారు. తుపాకీ అన్నా, జనవరిలో మా అయిదు ఊళ్ళ అర్జీ ఒకే కాగితం మీద పెడితే మీరు వస్తారా?