అప్‌డేట్: రక్తపరీక్ష రాయని క్లినిక్, జ్వరం తగ్గని మా ల్యాబ్రడార్

జ్వరానికి ఇంజెక్షన్లు వేయిస్తున్నా మా ల్యాబ్రడార్ కుక్క తేరుకోవడం లేదని, ముక్కు నుంచి రక్తం కూడా కారుతోందని, క్లినిక్ మార్చాలా అని ఇదివరకు అడిగాను, మార్చాము. ప్రభుత్వ పశువైద్యశాలలో డాక్టరుగారు పాలిపోయిన చిగుళ్లను, చెవి మడతలో నక్కిన పిడుదులను చూసి వెంటనే రక్తపరీక్ష చేయించగా, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయని, పిడుదుల వల్ల వచ్చే ఎర్లీకియోసిస్ అనే జబ్బు సోకిందని తేలింది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 28 రోజులు, అదీ తిండి పెట్టిన తరువాతే వేయమన్నారు.

రిపోర్టు చూపి పాత క్లినిక్‌వారిని అడిగితే, "పరీక్ష కావాలని మీరు అడగలేదు కదండీ" అన్నారు. ఏ పరీక్ష అవసరమో నేనే చెప్పగలిగితే ఇక వారి దగ్గరకు వెళ్లడమెందుకు? కేస్ షీటు అడిగితే బిల్లులు మాత్రం చేతిలో పెట్టారు. వాటిలో మందు పేరైనా లేదు, "ఇంజెక్షన్" అని రాసి ఉంది. ఇప్పుడు మా కుక్కకు ముక్కు నుంచి రక్తం కారడం ఆగింది, పెరుగన్నం తింటోంది. పాత క్లినిక్ మీద రాష్ట్ర పశువైద్య మండలికి ఫిర్యాదు రాస్తున్నాను.