తాహితీలో తుపాను కాలానికి పడవను ఎక్కడ ఉంచడం మేలు?

అందరికీ నమస్కారం. మార్క్వెసస్, తువామోటు దీవులు దాటుకుని తాహితీ వైపు వస్తున్నాం. మాది 12 మీటర్ల తెరచాప పడవ, నీటి కింద 2 మీటర్ల లోతు దిగుతుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపాను కాలం కదా, ఆ నెలలు దాన్ని ఈ దీవులన్నీ ఉన్న ఫ్రెంచ్ పాలినేషియాలోనే వదిలి ఇంటికి వెళ్లాలని ఆలోచన. బయటి పడవలను 36 నెలల వరకు సుంకం లేకుండా ఉంచుకోవచ్చు గనక ఆ బెంగ లేదు. బెంగంతా చోటు గురించే.

తాహితీలోని పపీతె మరీనా (పడవలు కట్టే రేవు) ఊరి నడిబొడ్డున ఉంది, సామాన్లకు హాయి. పునావియాలో మరీనా టైనా ఉంది. తరవావో దగ్గరి ఫైటన్ అఖాతం బాగా లోపలికి ఉంటుంది కాబట్టి అలల బాధ తక్కువ. రాయియాటెయా దీవిలో అయితే ఒడ్డుకెక్కించే యార్డులున్నాయి. నా మనసు ఒడ్డు వైపే మొగ్గుతోంది. కానీ అన్ని నెలలు మూసి ఉంచితే ఆ తేమకు లోపల బూజు పట్టదా? మనం లేనప్పుడు తలుపులు తీసి గాలి ఆడించే నమ్మకస్తులు దొరుకుతారా? నెలకు ఎన్ని ఫ్రాంకులు తీసుకుంటారు?

ఇంకో సందేహం. అక్కడి కరెంటు 220 వోల్టులు, 60 హెర్ట్జ్. మా పడవలోవన్నీ 50 హెర్ట్జ్ సామాన్లు. బ్యాటరీ చార్జరు సంగతి సరే, ఏసీ మోటారు తట్టుకుంటుందా?

ఫా విమానాశ్రయం రన్‌వే కొసల దగ్గర పడవ దాటేముందు వీహెచ్‌ఎఫ్ రేడియో 12వ చానెల్‌లో అనుమతి అడగాలని తెలుసు. అక్కడ ఇంగ్లీషులో మాట్లాడితే సరిపోతుందా, ఫ్రెంచ్ ముక్కలు నేర్చుకోవాలా?