అప్‌డేట్: చివరికి .30-06 రైఫిల్ కొన్నాను

అమెరికాలోని కొలరాడో కొండల్లో మ్యూల్ డీర్, ఎల్క్ అనే రెండు రకాల జింకల వేటకి ఒకే రైఫిల్ కావాలి, క్యాలిబర్ (తూటా సైజు) .270 విన్‌చెస్టరా, .30-06నా, 7 ఎంఎం రెమింగ్టన్ మ్యాగ్నమా అని వేసవిలో అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

నా మనసు మ్యాగ్నమ్ మీదే ఉండేది. తెలిసినాయన దగ్గర అడిగి తీసుకుని రేంజ్‌లో కాల్చి చూశాను. కాల్చినప్పుడు భుజానికి తగిలే దెబ్బకి భయపడి, ఆరో తూటాకల్లా ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుంటున్నాను! కమిలిన భుజం చూసి మా ఆవిడ రెండు రోజులు క్లాసు పీకింది.

ఎల్క్‌కి కనీసం 85 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) తూటా ఉండాలని ఇక్కడి రూలు, మూడూ పాసే. .30-06 తూటాలు మాత్రం చిన్న ఊరి షాపులోనూ దొరికాయి. 200 గజాల దగ్గర గురి పెట్టిన చోటే తగిలేలా స్కోప్ (గురి చూసే దుర్భిణి) సరిచేస్తే, 180 గ్రెయిన్ల తూటా 300 గజాల దగ్గర ఎనిమిది అంగుళాల పైనే కిందికి దిగుతోంది. అంతకు మించి దూరం నేను కాల్చను.

10 వేల అడుగుల ఎత్తులో అసలు టెన్షన్ క్యాలిబర్ కాదు, స్కోప్‌తో కలిపి రైఫిల్ తొమ్మిది పౌండ్ల బరువు. ఎల్క్ కనిపించనే లేదు. మూడో రోజు మ్యూల్ డీర్ ఒకటి పడింది, 180 గజాలు, ఒకే తూటా. మాంసం దించడానికి రెండు ట్రిప్పులు. కూర గట్టిగా వచ్చింది, కుక్కర్‌లో ఇంకో నాలుగు విజిల్స్ రానివ్వాల్సింది.